పాత క్యాసెట్‌లోని భజనకు గ్రిడ్ కుదరడం లేదు, సాయం కావాలి

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా గానుగెద్దులా ఒకే చోట తిరుగుతున్నాను.

మా అమ్మ వాళ్ళ నాన్న మా వీధి రామకోవెలలో భజన నడిపేవారు. 1988 ధనుర్మాసంలో ఒక రాత్రి ఎవరో టేప్‌రికార్డర్ తెచ్చి భజనను రికార్డు చేశారు. ఆ క్యాసెట్ ఈమధ్య అమ్మ ట్రంకుపెట్టెలో బయటపడింది. అరువు తెచ్చిన డెక్‌లో వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఒక్క కీర్తనే మిగిలింది, 6 నిమిషాల 20 సెకన్లు. హార్మోనియం, మద్దెల, మా వైపు ఒడియావాళ్ళు గిని అనే చిన్న తాళాలు, పదిమంది గొంతులు, అన్నీ ఒకే మైకులో.

రాయగడలో ఉన్న మా పిన్ని కూతురు ఈసారి నెలగంట నాటికి తాతయ్య గొంతుతో కలిసి పాడతానంటోంది. తను చదివింది ఒడియాలో. అందుకని కీర్తన మొత్తాన్ని ఒడియా అక్షరాల్లో నోట్‌బుక్‌లో రాసుకుని కూర్చుంది. కింద తబలా, బేస్ వేయడం నా పని. కీబోర్డు మీద వాయిస్తే అవి గ్రిడ్‌కు, అంటే సాఫ్ట్‌వేర్ గీసే తాళం గీతలకు, కుదరాలి కదా. అక్కడే చిక్కు.

రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో టెంపో (నిమిషానికి బీట్లు) 84 పెట్టాను. మొదట్లో ఉన్న శ్లోకాన్ని కోసేసి, తాతయ్య పల్లవి అందుకున్న చోటును మొదటి బార్‌గా (తాళం మొదటి చుట్టుగా) పెట్టాను. క్లిక్కు మొదటినుంచీ పక్కకు పడుతోంది. నిమిషం తిరిగేసరికి ఇంకా జరిగిపోయింది. టెంపోను దానంతట అదే కనిపెట్టే ఇంకో సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే మొదట 84 అంది, 2:05 నుంచి 2:50 దాకా 126 అంది, ఆ తర్వాత 88 నుంచి ఎక్కుతూ చివరికి 112 అంది. ఒక్క కీర్తనలో ఇన్ని వేగాలా?

---

బీట్‌బాబు (జయపురం)
శుక్రవారం, రాత్రి 10:05

సులువే అన్నా. ఆడియో మొత్తానికి స్ట్రెచ్ మార్కర్లు వేసి 90కి లాగెయ్. అంతా గ్రిడ్ మీదకి వస్తుంది. ఆ తర్వాత ఏ లూప్ వేసినా అతుక్కుంటుంది. నేను పెళ్ళి డీజే పాటలన్నీ ఇలాగే చేస్తాను.

---

మద్దెల మాస్టారు (బరంపురం)
శుక్రవారం, రాత్రి 10:31

పెళ్ళి పాట వేరు, భజన వేరు నాయనా. భజనలో వేగం పెరగడం తప్పు కాదు, అదే దాని నడక. నెమ్మదిగా ఎత్తుకుని, నామం మీద నామం పడేకొద్దీ వేడెక్కి, చివరికి గుడి కప్పు లేచిపోయేలా ముగించాలి. దాన్ని 90 దగ్గర కట్టేస్తే ఉడకని అన్నం తిన్నట్టే.

గంజాంలో ఒడియా సంకీర్తనకు ఖోల్ వాయించేవాళ్ళనూ చూశాను, మన మద్దెలవాళ్ళనూ చూశాను. ఇద్దరూ ఒకే రకంగా పరిగెడతారు.

---

మహేంద్రతనయ
శుక్రవారం, రాత్రి 11:20

బీట్‌బాబు చెప్పినట్టు ఒక నిమిషం ముక్క లాగి చూశాను. గినుల చప్పుడు నలిగిపోయింది. తాతయ్య నీళ్ళలో మునిగి పాడుతున్నట్టుంది. అమ్మ విని గదిలోంచి లేచి వెళ్ళిపోయింది.

ఇంకో సంగతి. ఆడియోను ముట్టుకోకుండా టెంపో మార్కర్ (ఇక్కడి నుంచి వేగం ఇంత అని గ్రిడ్‌కు చెప్పే గుర్తు) ఒక్కటే వేసినా గొంతు అలాగే వణుకుతోంది. నేనేమీ లాగలేదే!

---

తీగలపెట్టె (రాయగడ)
శనివారం, ఉదయం 6:50

ముందు చివరి ప్రశ్న. మీ ఆడియో టైమ్‌బేస్ ‘బీట్స్’ మీద ఉంది. అంటే ఆ ముక్క గ్రిడ్‌కు కట్టేసి ఉంది. మీరు గ్రిడ్‌ను సాగదీస్తే అదీ సాగుతుంది. క్యాసెట్ ఆడియో ఐటెమ్‌కు టైమ్‌బేస్‌ను ‘టైమ్’కు మార్చండి. మీరు వాయించబోయే తబలా, బేస్ మిడి ట్రాకులను (శబ్దం కాకుండా ఏ స్వరం ఎప్పుడు మోగాలో మాత్రమే రాసి ఉండేవి) మాత్రం ‘బీట్స్’ మీద ఉంచండి. అప్పుడు తాతగారు కదలరు, గ్రిడ్ కదులుతుంది, గ్రిడ్‌తో పాటు మీ తబలా కదులుతుంది. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు పేర్లు మారతాయి, సంగతి ఇదే. మార్కర్ వేయకముందే ఇది చూసుకోవాలి. వేశాక చూసుకుంటే ఎక్కడ ఏది సాగిందో వెతకలేక చస్తాం.

ఇక లెక్క. మీరు 84 అన్నది నాలుగు బీట్లు తట్టి చూసిన సంఖ్య అయితే దాన్ని నమ్మవద్దు. 84 దగ్గర నాలుగు బీట్లంటే 2.86 సెకన్లు. చివరి బీటును గుర్తించడంలో మీ చెయ్యి 20 మిల్లీసెకన్లు తప్పితే టెంపోలో 0.6 తేడా వస్తుంది. అదే తప్పు 64 బీట్ల మీద జరిగితే తేడా 0.04 కూడా ఉండదు. కాబట్టి పొడవైన ముక్క కొలవండి. ఒక సమం (తాళం మొదటి దెబ్బ) నుంచి ఎనిమిది ఆవర్తనాల (తాళం చుట్ల) తర్వాతి సమం దాకా ఎన్ని సెకన్లో చూసి, బీట్ల సంఖ్యను 60తో హెచ్చించి ఆ సెకన్లతో భాగించండి.

‘పాయింటులో పదో వంతే కదా’ అనుకోకండి. 84కు, 84.1కి తేడా నాలుగు నిమిషాల్లో దాదాపు 285 మిల్లీసెకన్లు అవుతుంది. ఒక బీటే 714 మిల్లీసెకన్లు. అంటే తబలా దెబ్బ ఇంచుమించు రెండు గిని దెబ్బల నడిమధ్యన పడుతుంది.

ఆ ఫైలు ఎంపీ3 అయితే పక్కన పెట్టి మళ్ళీ వేవ్‌గా ఎక్కించండి. ఎంపీ3లో మొదట కొంచెం ఖాళీ చేరుతుంది. శాంపుల్ రేటు కూడా చూసుకోండి. 44.1లో ఉన్నదాన్ని 48 అనుకుని ఆడిస్తే పాట 8.8 శాతం వేగంగా పోతుంది.

---

మద్దెల మాస్టారు
శనివారం, ఉదయం 8:15

రాయగడ అమ్మాయి లెక్క బాగుంది. కానీ ఆ లెక్క మొదలుపెట్టడానికి సమం ఎక్కడుందో తెలియాలి కదా. ఈ బాబు పల్లవి అందుకున్న చోటును మొదటి బార్ అన్నాడు. నాకు అక్కడే అనుమానం.

బాబూ, పల్లవి మొదటి అక్షరం పలికేముందు గిని ఒకసారి ఒంటరిగా మోగుతోందా? జాగ్రత్తగా విని చెప్పు.

---

మహేంద్రతనయ
శనివారం, ఉదయం 9:02

మోగుతోంది మాస్టారూ. నేను దాన్ని ఎవరో తాళాలు సర్దుకుంటున్న చప్పుడు అనుకుని శ్లోకంతో పాటు కోసేశాను.

---

మద్దెల మాస్టారు
శనివారం, ఉదయం 9:20

అదే సమం! దాన్నే కోసేశావు!

ఆది తాళం, ఎనిమిది అక్షరాలు. ఎత్తుగడ సమం మీద లేదు, అర అక్షరం తర్వాత ఉంది. తాళం పడుతుంది, అర అక్షరం ఊపిరి పీల్చుకుని పాట అందుకుంటుంది. మన కీర్తనల్లో ఇలాంటివి కోకొల్లలు. కంప్యూటర్‌కు, దాన్ని నడిపే కుర్రాళ్ళకు మొదట వినబడిందల్లా ఒకటో నంబరే. నువ్వు నీ గ్రిడ్ మొత్తాన్ని అర అక్షరం పక్కకు నిలబెట్టి క్లిక్కును తిడుతున్నావు.

ఆ 126 సంగతి కూడా చెప్పనా? 84ను ఒకటిన్నరతో హెచ్చించు. ఎంత వచ్చింది? 2:05 దగ్గర చరణంలో మద్దెల ఆయన తిశ్ర నడకలోకి వెళ్ళి ఉంటాడు. అక్షరం అదే వేగంలో ఉంటుంది, లోపలి ముక్కలు రెండో నాలుగో కాకుండా మూడు అవుతాయి. యంత్రం ఆ ముక్కల్లో రెండేసి కలిపి ఒక బీటుగా లెక్కపెట్టింది. చేత్తో తాళం వేస్తూ విను, చెయ్యి ఆగదు, తడబడదు.

---

మహేంద్రతనయ
శనివారం, ఉదయం 10:10

చేత్తో వేశాను. ఆగలేదు. సిగ్గుగా ఉంది.

శ్లోకాన్ని తిరిగి పెట్టాను. మొదటి సమం 38.6 సెకన్ల దగ్గర. అక్కడి నుంచి ఎనిమిది ఆవర్తనాలు 84.3 దగ్గర ముగిశాయి. 45.7 సెకన్లలో 64 బీట్లు, అంటే 84.03.

శ్లోకానికి తాళమే లేదు కదా, అక్కడ గ్రిడ్‌ను ఏం చేయాలి?

---

తీగలపెట్టె
శనివారం, ఉదయం 10:40

ఏమీ చేయవద్దు. 38.6 దగ్గర మార్కర్ వేసి దాన్ని ఒకటో బార్ చేయండి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో మొదటి బార్ నంబరు వెనక్కి జరుపుకునే వీలుంది. శ్లోకం మైనస్ నంబర్లలో ఉంటే ఎవరికీ నష్టం లేదు.

తర్వాత ప్రతి ఆవర్తనం సమం మీద ఒక మార్కర్ వేయండి. ప్రతి బీటు మీదా వేయవద్దు. మనుషులు వాయించినప్పుడు బీటు బీటుకు పది ఇరవై మిల్లీసెకన్లు అటూ ఇటూ అవుతుంది. దానికల్లా గ్రిడ్‌ను వంచితే మీ తబలా తాగినవాడి నడకలా ఉంటుంది. ఆవర్తనం మధ్యలో 30 మిల్లీసెకన్లకు మించి తేడా కనిపించిన చోట మాత్రం ఐదో అక్షరం మీద ఇంకొకటి వేయండి.

---

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ)
శనివారం, మధ్యాహ్నం 1:30

మహారాష్ట్ర అంచు నుంచి నమస్కారం. మా ఊళ్ళో చిరుతల రామాయణం టేపులతో ఇదే పాట్లు పడ్డాను. నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటి చెబుతాను.

వేవ్ గీతలో సమం కనబడదు. పదిమంది గొంతులు, హార్మోనియం కలిసి గొంగళిపురుగులా లావుగా ఉంటుంది. ట్రాక్‌ను నకలు తీసి, ఆ నకలుకు మాత్రం 4000 హెర్ట్జ్ కంటే కింద ఉన్నదంతా కోసేయండి. గొంతులు చాలావరకు పోతాయి. మా టేపులో చిరుతల దెబ్బలు, మీ టేపులో గినులు ముళ్ళకంచెలా వరుసగా నిలబడతాయి. మార్కర్లు ఆ నకలు చూసి వేసుకుని, పని అయ్యాక దాన్ని మూగబెట్టండి.

వరుసగా తట్టుకుంటూ పోవాలంటే సోనిక్ విజువలైజర్ ఉచితంగా దొరుకుతుంది. పాట ఆడుతుండగా సెమీకోలన్ కీ నొక్కితే అక్కడ గీత పడుతుంది. మన చెయ్యి ఎప్పుడూ కాస్త ఆలస్యమో తొందరో చేస్తుంది. కాబట్టి తట్టిన గీతను తర్వాత పక్కనున్న ముల్లు మీదకి జరపాలి. తట్టిన చోటే వదిలేయవద్దు.

---

పాత రైలు (గుణుపురం)
శనివారం, సాయంత్రం 4:45

చర్చకు సంబంధం లేదు, క్షమించండి. 1988 పర్లాకిమిడి రాత్రి అన్నారు. టేపులో ఎక్కడైనా చిన్న బండి కూత వినబడుతోందా? నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన నేరోగేజ్ అది. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది. ఆ కూత విని ఎన్నాళ్ళయిందో.

---

మహేంద్రతనయ
శనివారం, సాయంత్రం 5:00

ఉందండీ! 1:12 దగ్గర, చాలా దూరంగా. మొన్నటిదాకా దాన్ని టేపు కీచు అనుకున్నాను. విడిగా కోసి మీకు పంపుతాను.

---

మహేంద్రతనయ
ఆదివారం, రాత్రి 8:20

నిన్న రాత్రి, ఈ రోజు కూర్చుని మార్కర్లన్నీ వేశాను. మొత్తం 65 ఆవర్తనాలు. 4000 హెర్ట్జ్ ఉపాయం లేకపోతే ఇంకో వారం పట్టేది. మొదటి మూడు నిమిషాలు తబలా అతికినట్టు కూర్చుంది.

కానీ మూడో నిమిషం దాటాక బేస్ వేస్తే ఏదో ఎబ్బెట్టుగా ఉంది. దెబ్బ సరిగ్గా సమం మీదే పడుతోంది, అయినా చెవికి రుచించడం లేదు. చివరి నిమిషం ముక్క ఇక్కడ పెట్టాను, ఒకసారి వినండి.

---

మద్దెల మాస్టారు
ఆదివారం, రాత్రి 9:10

మొదటి ముక్క విన్నాను, చివరి ముక్క విన్నాను. బాబూ, గొంతు వేడెక్కితే శ్రుతి పెరగవచ్చు. హార్మోనియం శ్రుతి పెంచుకుంటుందా?

చివర్లో హార్మోనియం షడ్జం (స) మొదటికంటే దగ్గర దగ్గర ఒక మెట్టు పైన ఉంది. రెండుసార్లు విని చెబుతున్నాను.

---

తీగలపెట్టె
ఆదివారం, రాత్రి 9:25

మాస్టారూ, మీ చెవికి దండం. నేను గ్రిడ్‌నే చూస్తూ కూర్చున్నాను.

మహేంద్రతనయ గారూ, ఆ రాత్రి టేప్‌రికార్డర్ కరెంటు మీద నడిచిందా, బ్యాటరీల మీదా? అమ్మగారిని అడగండి. ఆ హార్మోనియం ఇంకా ఉందా?

---

మహేంద్రతనయ
ఆదివారం, రాత్రి 10:50

అమ్మకు బాగా గుర్తుంది. ఆ రాత్రి కరెంటు లేదు. పెట్రోమాక్స్ లైటు వెలుగులో భజన జరిగింది. బ్యాటరీలు అంతకుముందు రోజు ఇంకెవరి ఇంట్లోనో రేడియోకు వాడినవేనట.

హార్మోనియం కోవెలలోనే ఉంది. పూజారి గారిని నిద్ర లేపలేను, రేపు ఉదయం వెళతాను.

---

తీగలపెట్టె
ఆదివారం, రాత్రి 11:15

అయితే దొంగ దొరికినట్టే. బ్యాటరీ నీరసించేకొద్దీ రికార్డర్ మోటారు నెమ్మదిస్తుంది. సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాల్సిన టేపు తక్కువ నడుస్తుంది. పాట అంతే ఉంటుంది, అది పట్టే టేపు మాత్రం తక్కువవుతుంది. ఇప్పుడు మీరు దాన్ని సరైన వేగంతో నడిచే డెక్‌లో వేస్తే ఆ టేపు తొందరగా అయిపోతుంది. అంటే పాట వేగంగా, పై శ్రుతిలో వినబడుతుంది. బ్యాటరీ దిగేకొద్దీ పాట పైకి ఎక్కడం వింతగా అనిపిస్తుంది కానీ, రికార్డు చేసేటప్పుడు తగ్గినది వినేటప్పుడు పెరుగుతుంది.

కాబట్టి మీ 112లో రెండు కలిసి ఉన్నాయి. ఒకటి మాస్టారు చెప్పిన భజన వేడి, అది నిజం, దాన్ని ఉంచాలి. రెండోది బ్యాటరీ, దాన్ని తీసేయాలి. విడదీసే సాక్షి హార్మోనియం. షడ్జం కదలకుండా వేగం పెరిగితే అది మనుషుల పని. షడ్జంతో పాటు వేగం పెరిగితే మోటారు పని. బేస్ ఎబ్బెట్టుగా ఉండటానికీ ఇదే కారణం. మీ బేస్ ఒక శ్రుతిలో నిలబడింది, టేపు జారుకుంటూ పోయింది.

రేపు కోవెలలో ఫోనులో ట్యూనర్ పెట్టి షడ్జం కొలవండి. టేపులో అయిదారు చోట్ల అదే కొలవండి. ఎన్ని సెంట్ల తేడా ఉందో రాయండి. ఒక స్వరస్థానానికి తర్వాతి స్వరస్థానానికి మధ్య వంద సెంట్లు.

---

బీట్‌బాబు
ఆదివారం, రాత్రి 11:40

టేపులో కరెంటు ఝుమ్మనే మోత ఉంటే అది 50 హెర్ట్జ్ కదా, దాన్ని కొలిచి వేగం పట్టవచ్చని ఎక్కడో చదివాను.

---

తీగలపెట్టె
ఆదివారం, రాత్రి 11:52

మంచి ఆలోచన, కరెంటు మీద రికార్డు చేసిన టేపులకు పనికొస్తుంది. అయితే ఆ రోజుల్లో మన దగ్గర కరెంటు కూడా నికరంగా 50 దగ్గర నిలిచేది కాదు. ఈ టేపుకు ఆ గొడవే లేదు, కరెంటే లేదు.

---

మహేంద్రతనయ
సోమవారం, ఉదయం 9:30

కోవెలకు వెళ్ళాను. హార్మోనియం మీద బట్ట, బట్ట మీద పసుపు, కుంకుమ. బెలోస్ ఒక చోట చిరిగితే సైకిల్ ట్యూబు ముక్క అంటించి ఉంది. తాతయ్య వాడిన మెట్టు ఏదో ఎవరినీ అడగనక్కర లేకపోయింది. నాలుగో శ్రుతి మెట్టు మీద తెలుపు అరిగి, వేలి గుంట పడి ఉంది. దాన్నే నొక్కి కొలిచాను.

ఆ షడ్జంతో పోలిస్తే టేపులో ఇలా ఉంది. 0:20 దగ్గర 30 సెంట్లు ఎక్కువ. 2:00 దగ్గర 32. 3:30 దగ్గర 58. 5:00 దగ్గర 97. 6:10 దగ్గర 130.

---

మద్దెల మాస్టారు
సోమవారం, ఉదయం 10:00

ఒక మాట. ఇన్నేళ్ళలో ఆ రీడ్లకు తుప్పు పట్టి ఉండవచ్చు, ఎవరో ఆకురాయి పెట్టి ఉండవచ్చు. మొదటి 30 సెంట్లలో హార్మోనియం వాటా ఎంతో, మీ డెక్ వాటా ఎంతో దేవుడికే తెలియాలి. కానీ 30 నుంచి 130కి ఎక్కిన వంద ఉంది చూశారా, దానికి తిరుగు లేదు. ఒకే రాత్రి, ఒకే రీడు.

---

తీగలపెట్టె
సోమవారం, ఉదయం 10:20

మాస్టారు అన్నది నిజం. అయినా 30 కూడా తీసేద్దాం. మీ చెల్లెలు పాడబోయేది ఇప్పటి ఆ హార్మోనియంతోనే కదా.

30 సెంట్లంటే 1.0175 రెట్ల వేగం. 130 అంటే 1.078 రెట్లు. మొదటి 84ను 1.0175తో భాగిస్తే 82.6. చివరి 112ను 1.078తో భాగిస్తే 103.9. మీ తాతగారి బృందం నిజంగా ఎక్కింది 82.6 నుంచి 104 దాకా. మిగతాది బ్యాటరీ.

ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో టైమ్ ట్రాక్ అని ఒకటి ఉంది. దాని మీద గీతను వంచితే శ్రుతి, వేగం రెండూ కలిసి మారతాయి, ఇక్కడ మనకు కావాల్సింది అదే. మొదట 98.3 శాతం పెట్టి, మీరు కొలిచిన అయిదు చోట్లా పాయింట్లు వేసి, చివరికి 92.8కి దించండి. శ్రుతిని ఉన్నచోటే ఉంచి వేగం మార్చే పరికరాలను మాత్రం దీనికి వాడవద్దు. మోటారు రెండింటినీ కలిపి చెడగొట్టింది, కలిపే బాగు చేయాలి.

చెప్పడానికి బాధగా ఉంది కానీ, ఆ 65 మార్కర్లూ మళ్ళీ వేయాలి. వరుస తప్పు. ముందు టేపు వేగం, తర్వాత సమం, ఆ తర్వాతే గ్రిడ్. నేనే మొదటి రోజు శ్రుతి అడిగి ఉండాల్సింది.

---

మహేంద్రతనయ
మంగళవారం, రాత్రి 11:10

మళ్ళీ వేశాను. ఈసారి రెండు గంటలే పట్టింది. సరిచేసిన పాట 6 నిమిషాల 34 సెకన్లు ఉంది. బ్యాటరీ మింగేసిన 14 సెకన్లు తిరిగి వచ్చాయి. బేస్ ఇప్పుడు చివరిదాకా కలుస్తోంది. అమ్మ ఈసారి గదిలోంచి వెళ్ళలేదు. ‘నాన్న గొంతు లావుగా ఉండేది, నిన్నటిదాకా సన్నగా వినబడుతుంటే వయసులో మరిచిపోయాననుకున్నాను’ అంది.

ఇంకో తలనొప్పి వచ్చింది. 41వ ఆవర్తనంలో ఏడు అక్షరాలే ఉన్నాయి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఏడే. ముందూ వెనకా అన్నీ ఎనిమిదే. టేపు తెగి అతికించిన గుర్తు లేదు. గొంతులు, గినులు, మద్దెల అందరూ కలిసే ఒక అక్షరం ముందుగా సమం మీదకి దూకారు.

---

బీట్‌బాబు
మంగళవారం, రాత్రి 11:25

అక్కడ ఒక బీటు నిశ్శబ్దం చొప్పించి ఎనిమిది చేసేయ్ అన్నా. (మాస్టారూ, తిట్టకండి, అడుగుతున్నాను అంతే.)

---

మద్దెల మాస్టారు
బుధవారం, ఉదయం 6:30

తిట్టను. పదిమంది ఒకేసారి, ఒకే అక్షరం మింగారంటే అక్కడ ఏదో జరిగి ఉంటుంది. అది ఏమిటో కనుక్కోండి ముందు.

---

మహేంద్రతనయ
బుధవారం, ఉదయం 8:05

అమ్మ వినగానే చెప్పింది. పాట వెనకాల కోవెల గంట మోగడం మొదలైంది అక్కడే. హారతి పళ్ళెం బయటకు వచ్చింది. కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఆ లేవడంలో అక్షరం పోయింది.

---

తీగలపెట్టె
బుధవారం, ఉదయం 8:30

అయితే నిశ్శబ్దం చొప్పించవద్దు. 41వ బార్ దగ్గర 7/4 (ఏడు బీట్ల బార్) అని, 42 దగ్గర తిరిగి 8/4 అని మార్కర్లు వేయండి. గ్రిడ్ కూడా వాళ్ళతో పాటు లేచి నిలబడుతుంది. మీరు తబలా వాయించేటప్పుడు అక్కడ ముక్తాయింపు పెట్టవద్దు, ఏడులో ఇరుక్కుంటారు.

---

బీట్‌బాబు
బుధవారం, ఉదయం 9:00

ఒక పనికొచ్చే మాట నేనూ చెబుతాను. చెల్లెమ్మ రాయగడలో వేరే సాఫ్ట్‌వేర్‌లో పాడుతుందేమో. నువ్వు వేసిన మార్కర్లన్నీ మళ్ళీ ఆమె వేసుకోనక్కర లేదు. రీపర్ నుంచి ప్రాజెక్ట్ మిడిని బయటకు తీసేటప్పుడు టెంపో మ్యాప్ (నువ్వు వేసిన మార్కర్ల పట్టీ) కూడా అందులో పెట్టమని టిక్ చెయ్. ఆ మిడి ఫైలును ఆమె తెరిస్తే ఆవర్తనాలు, వేగాలు, ఆ 7/4 అన్నీ వస్తాయి. దాంతో పాటు సరిచేసిన వేవ్ పంపు, రెండూ సున్నా సెకను నుంచే మొదలవ్వాలి. శ్లోకాన్ని మళ్ళీ కోసేయకు!

---

మహేంద్రతనయ
బుధవారం, ఉదయం 9:40

చాలా ఉపయోగం తమ్ముడూ. పంపుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది. శ్లోకానికి తాళం లేదు, అది ముగిశాక మొదటి సమం ఎప్పుడు పడుతుందో చెల్లెలికి ఎలా తెలియాలి? గిని దెబ్బ పడ్డాక అర అక్షరమే సమయం ఉంది.

---

తీగలపెట్టె
బుధవారం, ఉదయం 10:05

కొత్త ఫైలులో మొదటి సమం 39.3 దగ్గర ఉండాలి. దాని ముందు 82.6 వేగంతోనే నాలుగు క్లిక్కులు వెనక్కి వేసి, ఆమె చెవిలోకి మాత్రమే పంపండి. శ్లోకం ఆఖరి మాట మీద అవి పడినా ఫరవాలేదు, బయటివాళ్ళకు వినబడవు.

---

మద్దెల మాస్టారు
బుధవారం, ఉదయం 10:30

క్లిక్కులు సరే. నాలుగు రోజులు చేత్తో తాళం వేస్తూ శ్లోకం వినమని కూడా చెప్పండి. మీ తాతగారు సమానికి ముందు ఊపిరి తీసుకోవడం టేపులో స్పష్టంగా వినబడుతోంది. పక్కన కూర్చున్న గిని ఆయన దాన్ని విని కొట్టాడు.

---

మహేంద్రతనయ
గురువారం, రాత్రి 9:15

చెల్లెలు ఫైళ్ళు తెరిచింది, అన్నీ సరిగ్గా కూర్చున్నాయట. మొదటిసారి పాడినప్పుడు 41 దగ్గర ఎనిమిదో అక్షరం కోసం ఆగి, తాతయ్య వెనకాల పడిపోయింది. నోట్‌బుక్‌లో ఆ లైను పక్కన ఒడియాలో ‘ఇక్కడ లేవాలి’ అని రాసుకుంది.

---

పాత రైలు
గురువారం, రాత్రి 10:02

కూత ముక్క అందింది బాబూ. ఇది వేగం సరిచేయక ముందుదా, తర్వాతదా?

---

మహేంద్రతనయ
గురువారం, రాత్రి 10:10

ముందుదండీ. ఆగండి, సరిచేసినది పంపుతాను.